అంపైరు గారి కవచధారణ

ఆ శనివారం ఉదయం వెర్లిన్ టోలెఫ్‌సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, పక్క పట్నంలోని ఆటసామాన్ల కొట్టుకు వెళ్ళి, అంపైరుకు కావలసిన సరంజామా కొనుక్కుని, మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి వచ్చేయాలి. మర్నాడు టిల్బీ ఊరి బేస్‌బాల్ జట్టుకూ సెయింట్ ఓల్గా జట్టుకూ ఆట. ఆ ఆటకు అంపైరు అతడే. జన్మలో మొదటిసారి.

ఈ పదవి అతడు కోరి తెచ్చుకున్నది కాదు, నోటితో తెచ్చుకున్నది. మినెసోటాలో ఆ మూలనున్న ఊళ్ళన్నిటిలాగే టిల్బీలోనూ వేసవి వస్తే ఆదివారం పొద్దున చర్చి, ఆ తర్వాత బేస్‌బాల్. రెండు చోట్లా ఎవరి సీటు వారిదే. వెర్లిన్ సీటు బంతి కొట్టేవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక మూడో వరుసలో. వారమంతా బీమా పాలసీలు అమ్ముకుంటూ అందరికీ తలూపే మనిషి, భార్య ముందు కిక్కురుమనని మనిషి, ఆ మూడో వరుసలో కూర్చోగానే పులి అయిపోయేవాడు. "కళ్ళా అవి, కోటు గుండీలా?" అని అంపైరు మీద అరిచాడంటే మొక్కజొన్న చేల అవతలికి వినిపించేది. జూన్‌లో ఒక ఆదివారం ముసలి అంపైరు క్లారెన్స్ ఆట మధ్యలో ముసుగు తీసి, నేల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా బండెక్కి చేపలు పట్టడానికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మర్నాడు బెర్నిస్ బక్కెన్ వెర్లిన్ ఆఫీసుకు వచ్చింది. మైదానం కమిటీకి ఆవిడే పెద్ద, చర్చి వంటగదికీ ఆవిడే పెద్ద. చేతిలో నిమ్మకాయ కేకు ఉంది. బెర్నిస్ కేకు పట్టుకుని వచ్చిందంటే ఎవరికో మూడిందని ఊళ్ళో అందరికీ తెలుసు.

"సెయింట్ ఓల్గా ఆటకు అంపైరు లేడు వెర్లిన్. నువ్వు చేస్తే బాగుంటుందని కమిటీ అనుకుంది."

"నేనా? నాకేం తెలుసు బెర్నిస్ గారూ?"

"అదేంటి! ఇన్నేళ్ళూ నీకొక్కడికే తెలుసనుకుంటున్నాం కదా మేమంతా." ఆవిడ గొంతు మజ్జిగలా చల్లగా ఉంది. "మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా నిలబడు. నీ మూడో వరుస నీకే ఉంటుంది. మధ్యలో దిగిపోయావనుకో, ఈ వేసవంతా గేటు లోపలికి రావద్దు. కేకు తిను, ఆరిపోతుంది."

వెర్లిన్ కేకు తిన్నాడు. ఆ సీటు లేకపోతే ఆదివారం మధ్యాహ్నం అతడు ఎవరు? ఆర్లిస్ మొగుడు, అంతే. పైగా ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అతడికి బంతంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు జట్టులో చేరకపోవడానికి మోకాలి నొప్పి కారణమని చెప్పుకునేవాడు గానీ, అసలు కారణం ఇదే. మూడో వరుస ముందు ఇనుప వల ఉంటుంది. అంపైరు ముందు ఉండేది వల కాదు, బంతి పట్టే క్యాచర్. వాడు పట్టుకుంటే సరి, లేకపోతే అది తిన్నగా వచ్చి అంపైరుకే తగులుతుంది.

అందుకే ఆ కొట్లో వెర్లిన్ గంటల తరబడి ఉండిపోయాడు. కొట్టు కుర్రాడు మొదట్లో ఓపిగ్గానే చెప్పాడు. ముఖానికి ఇనుప తీగల ముసుగు, దాని కింద గొంతుకు అడ్డంగా వేలాడే పలక. ఛాతీకి గట్టి పలకల కవచం, అది చొక్కా లోపల వేసుకోవాలి. మోకాళ్ళ నుంచి పాదాల దాకా లాగు లోపల డిప్పలు. వేళ్ళ మీద ఉక్కు రేకున్న బూట్లు. ఇంకొకటి కూడా చూపించి, దాని సంగతి మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు.

"తొడలకేది?" అన్నాడు వెర్లిన్.

"తొడలకు ఉండదండీ. వంగాలి కదా."

"చేతులకు?"

"చేతులు వెనక్కి పెట్టుకుంటారండీ."

"పొట్టకు పక్కల్నుంచి వస్తే?"

"బంతి ముందు నుంచే వస్తుందండీ."

"వస్తుందని నువ్వు రాసిస్తావా?"

కుర్రాడు ఎదురుగా ఉన్న కవచాలన్నీ ఒకసారి చూసి, ఈ పెద్దమనిషినీ ఒకసారి చూశాడు. "సార్, మీకు కావల్సింది కవచం కాదు, వేరే పని," అన్నాడు. వెర్లిన్ ఆ మాట చెవిన పెట్టలేదు. అన్నిటిలోకీ పెద్ద సైజులు ఏరి, బండిలో వేసుకుని ఇంటికి వచ్చాడు. భోజనం చల్లారి, ఆర్లిస్ వేడెక్కి ఉంది.

ఆర్లిస్ టోలెఫ్‌సన్ మాటలు తక్కువ మనిషి. ఆవిడ చూపు చాలు. వంటింటి మధ్యలో కవచం తొడుక్కుని నిలబడ్డ భర్తను కింది నుంచి పైదాకా చూసి, "ఎవరి మీదకు యుద్ధం?" అని అడిగింది.

"పరీక్ష చేయాలి ఆర్లిస్. నువ్వు ఏదైనా తీసుకుని నా మీదకు విసురు. గట్టిగా విసురు, మొహమాటపడకు."

"బంగాళాదుంపలు పరవాలేదా?"

"ఉడకబెట్టినవి కాదు, పచ్చివి."

మొహమాటపడకు అని ఆయన అనక్కర్లేదు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఇలాంటి అవకాశం ఆవిడకు రాలేదు. మొదటి దుంప ఛాతీకి తగిలి టప్పున పగిలింది. రెండోది మోకాలి డిప్పకు తగిలింది. "తెలియనే లేదు!" అని వెర్లిన్ సంబరపడ్డాడు. మూడోది ఆవిడ ఇంకాస్త మనసు పెట్టి విసిరింది. అది తిన్నగా తొడకు తగిలింది. వెర్లిన్ పెట్టిన కేకకు పక్కింటి కుక్క మొరిగింది.

"చెప్పానా తొడలకు లేదని!" అని కుంటుకుంటూ నేలమాళిగలోకి దిగాడు. అక్కడ ఆర్లిస్ తమ్ముడు డ్వేన్ ఎప్పుడో వదిలేసిన ఐస్ హాకీ గోల్‌కీపర్ సామాను ఉంది. ఆ ప్రాంతంలో నేలమాళిగ ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంటుంది. తొడలకు దిళ్ళు, భుజాలకు దిళ్ళు, మోచేతులకు దిళ్ళు, పొట్ట చుట్టూ పరుపంత దళసరి కవచం. దాన్నంతా ముందు తొడుక్కుని, దాని మీద అంపైరు సామాను తొడుక్కున్నాడు. ఆర్లిస్ బుట్టలో మిగిలిన దుంపలన్నీ విసిరింది. ఏదీ తగిలినట్టే లేదు. వెర్లిన్ ముఖంలో పెళ్ళికొడుకు కళ వచ్చింది.

చొక్కా మాత్రం పట్టలేదు. ఎంత లాగినా గుండీలకూ కాజాలకూ మధ్య జానెడు దూరం మిగిలింది. ఆర్లిస్ నిట్టూర్చి, ఎవరైనా పోయినప్పుడు వేసుకునే తన నల్ల స్కర్టు కత్తిరించి, ఆ సందులో అతుకు వేసింది. "పోనీలే, సందర్భానికి సరిపోయింది," అంది.

ఆదివారం చర్చి అయిపోయాక వెర్లిన్ బండి ముందు సీట్లో పట్టలేదు. వంగితే కదా పట్టడానికి! చివరికి ట్రక్కు వెనక సామాన్లు వేసే చోట నిలబడ్డాడు. ఆర్లిస్ బండి నడుపుతుంటే, ఆయన నల్లటి ధాన్యపు గాదెలా ఊరంతా ఊరేగాడు. ఎదురొచ్చిన వాళ్ళు ఎప్పటిలాగే స్టీరింగు మీంచి ఒక వేలు పైకెత్తి పలకరించారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. టిల్బీ మర్యాద అలాంటిది.

మైదానంలో డ్వేన్ అప్పటికే క్యాచర్ కవచం కట్టుకుంటున్నాడు. టిల్బీ జట్టుకు క్యాచర్ అతడే. బావ దగ్గరికి వచ్చి ఎండకేసి చూశాడు.

"ఏం బావా, చలేస్తోందా?"

"నీ పని నువ్వు చూసుకో. ఇవాళ నేను నీకు బావను కాను, అంపైరును."

"సరే అంపైరు గారూ," అని డ్వేన్ హోమ్ ప్లేట్ వెనక గొంతుక్కూర్చున్నాడు.

అంపైరు కూడా క్యాచర్ భుజం మీదుగా వంగి చూడాలి. బంతి కొట్టేవాడికి అందేలా ప్లేటు మీదుగా వస్తే స్ట్రైక్, పక్కకు పోతే బాల్. చెప్పవలసిందల్లా ఆ ఒక్క మాటే, చూడగలిగితే. వెర్లిన్ వంగలేడు. పైనుంచి దీపస్తంభంలా చూస్తూ, మోకాళ్ళ దగ్గరగా వచ్చిన ప్రతి బంతికీ మనసుకు తోచింది చెప్పసాగాడు. రెండు జట్లూ సమానంగా గొణిగాయి. న్యాయం అంటే ఇదేనని అతడు మురిసిపోయాడు.

రెండో ఇన్నింగ్స్‌లో సెయింట్ ఓల్గా వాడు కొట్టిన బంతి బ్యాటు అంచు తగిలి, వెనక్కి దూసుకొచ్చి వెర్లిన్ ఛాతీ మీద ధబ్‌మంది. జనం "అయ్యో!" అన్నారు. వెర్లిన్‌కు చీమ కుట్టినట్టు కూడా లేదు. అసలు అయ్యో అన్నది ఎందుకో కూడా అర్థం కాలేదు. ఇంతలో డ్వేన్ లేచి, చెయ్యెత్తి ఆట ఆపి, బంతి విసిరే పిచ్చర్ దగ్గరికి నింపాదిగా నడిచి వెళ్ళాడు. అక్కడ ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. మళ్ళీ అంతే నింపాదిగా వచ్చి కూర్చున్నాడు.

ఇది వెర్లిన్‌కు ఎప్పటినుంచో కంటగింపు. మూడో వరుసలోంచి "కబుర్లు ఇంటికెళ్ళి చెప్పుకోండ్రా!" అని ఎన్నిసార్లు అరిచాడో లెక్కలేదు. బంతి మళ్ళీ వచ్చి అతడి భుజానికి తగిలింది, డ్వేన్ మళ్ళీ లేచాడు. మోచేతికి తగిలింది, మళ్ళీ లేచాడు. వెర్లిన్ సహనం నశించింది.

"ఏమిటి డ్వేన్ ఈ షికార్లు? ఇంకోసారి కదిలావంటే బయటికి పంపిస్తా!"

డ్వేన్ ముసుగులోంచి అతడి వైపు వింతగా చూశాడు. "నీ కోసమే కదా బావా..." అని ఆగిపోయాడు.

"నా కోసమా? నన్ను ఎండలో మాడ్చడానికా?"

డ్వేన్ ఇక నోరు మెదపలేదు. మెదపకూడదు కూడా. అంపైరుకు దెబ్బ తగిలితే క్యాచర్ లేచి కబుర్లకు వెళ్ళాలి, ఆయన ఊపిరి తీసుకునేదాకా రాకూడదు. క్యాచర్‌కు తగిలితే అంపైరు జేబులోంచి బ్రష్షు తీసి, శుభ్రంగా ఉన్న ప్లేటునైనా సరే తీరిగ్గా తుడవాలి. ఎవరికీ నొప్పి పుట్టలేదన్నట్టు అందరూ ఆకాశం చూడాలి. ఈ ఆటలో అందరికీ తెలిసిన మర్యాద ఇది. ఎవరూ పైకి అనరు. అన్నారంటే ఆ మర్యాద మంటగలిసినట్టే. మూడో వరుసలో అరుస్తూ కూర్చున్నవాడికి ఇది ఎలా తెలుస్తుంది?

నాలుగో ఇన్నింగ్స్‌లో బంతి నేలను తాకి లేచి డ్వేన్‌కు కవచం లేని చోట, మెడ పక్కన తగిలింది. డ్వేన్ రెండు చేతులూ నేల మీద ఆనించి వంగిపోయాడు. మైదానమంతా అంపైరు వైపు చూసింది. పిచ్చర్ చూశాడు, కొట్టేవాడు చూశాడు, ఐస్‌క్రీమ్ అమ్మే ఆవిడ కూడా చూసింది. వెర్లిన్ జేబులో బ్రష్షు ఉంది. అది ఎందుకు తీయాలో అతడికి తెలియదు. తెలిసినా వంగలేడు, వంగితే లేవలేడు.

"లే, లే! ఆట మొదలెట్టండి!" అన్నాడు.

టిల్బీలో జనానికి నిజంగా కోపం వస్తే అరవరు. మాట్లాడడం మానేస్తారు. ఆర్లిస్ అల్లుతున్న స్వెటర్ పక్కన పెట్టింది.

డ్వేన్ లేచి నిలబడ్డాడు. అతడి ముఖం చూస్తే అక్క మొగుడన్న మాట ఆ క్షణానే మర్చిపోయినట్టుంది. అప్పటినుంచి, పరుగు తీసేవాళ్ళు ఆగే బేసులు ఖాళీగా ఉన్నప్పుడల్లా, పిచ్చర్ వేగంగా విసిరిన బంతికి డ్వేన్ అరంగుళం పక్కకు జరిగేవాడు. బంతి తిన్నగా వెళ్ళి వెర్లిన్‌కు తగిలేది. బేసుల మీద మనుషులుంటే మాత్రం బుద్ధిగా పట్టుకునేవాడు. పగ వేరు, ఆట వేరు. ఇన్నింగ్స్ మారాక సెయింట్ ఓల్గా క్యాచర్ కూడా, ఏ ఊరివాడైనా క్యాచర్ క్యాచరే కదా, తన వంతు తను జరిగాడు.

దెబ్బ మీద దెబ్బ పడుతున్నా అంపైరు కదల్లేదు, మెదల్లేదు. కనీసం అబ్బా అనలేదు. "డ్వేన్‌కు వయసు మీద పడింది, పాపం," అనుకున్నాడు. సెయింట్ ఓల్గా వైపు బెంచీల మీద ముసలాళ్ళు టోపీలు తీశారు. "ఏం మనిషయ్యా! ఇనుమా, మాంసమా?" అనుకోవడం వినిపించింది. వెర్లిన్ ఛాతీ ఉబ్బించబోయాడు గానీ, లోపల చోటు లేదు.

అయితే బంతిని ఆపిన దిళ్ళు గాలినీ ఆపుతున్నాయి. ఎనిమిదో ఇన్నింగ్స్‌కు ఎండ నడినెత్తి దాటి పడమట మండుతోంది. బూట్లలో చెమట చప్పుడు చేస్తోంది. వెర్లిన్‌కు ఇద్దరు పిచ్చర్లు కనిపించసాగారు. ఇద్దరూ బంతులు విసురుతున్నారు. జట్లు మారే విరామంలో తూలుకుంటూ సామాన్ల షెడ్డు వెనక్కి వెళ్ళాడు. ఆర్లిస్ అప్పటికే అక్కడ కత్తెరతో నిలబడి ఉంది.

"నావల్ల కాదు ఆర్లిస్. ఇంటికి తీసుకుపో."

"తీసుకుపోతాను. రేపట్నుంచి ప్రతి ఆదివారం ఇంట్లోనే కూర్చుని నన్ను చూస్తూ ఉంటావా?"

వెర్లిన్ చేతులు పైకెత్తి నిలబడ్డాడు. "హాకీ సామాను విప్పెయ్," అన్నాడు.

తిరిగి వచ్చినప్పుడు అతడి ఒంటి మీద కొట్టు కుర్రాడు చెప్పినవి మాత్రమే మిగిలాయి. నల్ల స్కర్టు అతుకు గాలికి జెండాలా రెపరెపలాడుతోంది. ఆ రోజులో మొదటిసారి వెర్లిన్ వంగాడు. వంగితే బంతి కనిపించింది. ఎంత స్పష్టంగా కనిపించిందంటే భయం వేసింది.

తొమ్మిదో ఇన్నింగ్స్, అదే ఆఖరిది. రెండు జట్ల పరుగులూ సమానం. సెయింట్ ఓల్గా ఇద్దరు ఔటయ్యారు గానీ, మూడు బేసుల మీదా మనుషులున్నారు. కొట్టేవాడికి అప్పటికే మూడు బాల్‌లు, రెండు స్ట్రైక్‌లు. ఇంకొక స్ట్రైక్ పడితే వాడు మూడో ఔటు, వాళ్ళ వంతు ముగిసి గండం గడిచినట్టే. ఇంకొక బాల్ అయితే వాడు నడుచుకుంటూ మొదటి బేసుకు వెళ్తాడు, మూడో బేసు మీదున్నవాడు నడుచుకుంటూ హోమ్ ప్లేట్‌కొచ్చి పరుగు చేస్తాడు. పిచ్చర్ విసిరాడు. బ్యాటు అంచు తగిలిన బంతి వెనక్కి దూసుకొచ్చి వెర్లిన్ తొడకు తగిలింది.

బంగాళాదుంప కాదది. వెర్లిన్ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మోకాళ్ళు పట్టుకుని కుప్పలా వంగిపోయాడు. ఇంతమంది ముందు, అమ్మా అంటూ ఏడవబోతున్నాడని అతడికి తెలిసిపోయింది.

డ్వేన్ వెనక్కి తిరిగి చూశాడు. మెడ పక్కన ఎర్రగా కమిలిన మచ్చ ఇంకా ఉంది. ఆట మొదలైనప్పటి నుంచీ బావ అన్న మాటలన్నీ ఉన్నాయి. లేస్తే బయటికి పంపిస్తానన్న బెదిరింపు కూడా ఉంది. డ్వేన్ లేచాడు. చెయ్యెత్తి ఆట ఆపి, ఎద్దుబండి కన్నా నెమ్మదిగా పిచ్చర్ దగ్గరికి నడిచాడు. అక్కడ పిచ్చర్ భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడాడు. కొట్టేవాడు బూటు తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. మిగిలినవాళ్ళంతా ఆకాశంలో లేని మబ్బుల్ని చూశారు.

"కబుర్లు ఆపండ్రా!" అని మూడో వరుసలోంచి ఎవడో కుర్రకుంక అరిచాడు.

వంగిన తలతోనే వెర్లిన్‌కు అంతా అర్థమైంది. ఇందాకటి నుంచి డ్వేన్ చేసిన షికార్లు, తను చేయనిది, ఇన్నేళ్ళూ తను అరిచింది, అన్నీ ఒక్కసారి వచ్చి తగిలాయి. తొడ కన్నా అదే ఎక్కువ నొప్పి పుట్టింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

డ్వేన్ తిరిగి వచ్చి కూర్చున్నాడు. "వాడి పొలంలో మొక్కజొన్న బాగుందట," అన్నాడు, ఎటో చూస్తూ.

"థాంక్స్ డ్వేన్."

"దేనికి?"

బ్యాటు అంచుకు తగిలి వెనక్కి పోయిన బంతి లెక్కలోకి రాదు కాబట్టి పిచ్చర్ మళ్ళీ విసిరాడు. కొట్టేవాడు బ్యాటు కదపలేదు. డ్వేన్ బంతిని పట్టుకుని కదలకుండా అలాగే ఉంచాడు. స్ట్రైక్ అనమని మైదానమంతా ఊపిరి బిగబట్టింది. వెర్లిన్‌కు కూడా ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. డ్వేన్‌కు ఇంతకన్నా ఏమివ్వగలడు? కానీ అతడు చూశాడు. బంతి ప్లేటుకు అవతల్నుంచి, రెండు వేళ్ళంత దూరంలోంచి పోయింది.

"బాల్!" అన్నాడు.

మూడో బేసు మీదున్న సెయింట్ ఓల్గా వాడు టోపీ ఊపుకుంటూ హోమ్ ప్లేట్‌కు నడిచాడు, వాళ్ళకు ఒక పరుగు వచ్చింది. ఆ తర్వాతి వాడిని టిల్బీ ఔటు చేసింది. ఆ తర్వాత బ్యాటింగ్‌కు దిగిన టిల్బీ ఆటగాళ్ళు ముగ్గురూ వరసగా, బంతిని బ్యాటుకు తగిలించకుండానే, ఔటయ్యారు. ఈ సంగతి తర్వాత ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. వెర్లిన్ ఓడించాడన్నదే గుర్తుంది.

రాత్రి భోజనానికి డ్వేన్ వచ్చాడు. ఆర్లిస్ పగిలిన దుంపలన్నీ వేసి, ఓవెన్లో వండే హాట్‌డిష్ చేసింది.

"ఆ బంతి అవతలికే పోయింది బావా," అన్నాడు డ్వేన్ ఉన్నట్టుండి, రెండు వేళ్ళు చూపిస్తూ. "ఇదిగో, ఇంత."

వెర్లిన్ చెంచా కింద పెట్టేశాడు. "మరి అందరూ నన్ను తిడుతుంటే అక్కడ చెప్పొచ్చుగా?"

"నేను ఈ ఊళ్ళో బతకొద్దా?"

బెర్నిస్ మాట తప్పలేదు. ఆఖరి బంతి దాకా నిలబడ్డాడు కాబట్టి మూడో వరుస అతడిదే అంది. మరుసటి ఆదివారం వెర్లిన్ వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. అటు నలుగురూ ఇటు నలుగురూ కాస్త దూరం జరిగారు. వేరే జిల్లా నుంచి తెచ్చిన కొత్త అంపైరు మొదటి ఇన్నింగ్స్‌లోనే టిల్బీకి వ్యతిరేకంగా ఒక బాల్ చెప్పాడు. వరసలన్నీ లేచి గోల పెట్టాయి. అంతలో ఎవరో ఈల వేసి, "వెర్లిన్! నువ్వు చెప్పవయ్యా, చూశావుగా!" అన్నారు. అందరూ అతడి వైపు తిరిగారు.

వెర్లిన్ టోపీ తీసి దాని లోపలి అట్ట కేసి చాలా శ్రద్ధగా చూడసాగాడు. అంపైరు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. కానీ ఆ ముక్క ఆ వరుసల్లో కూర్చుని పైకి అనేవాడికి సరిపోయే కవచం ఏ కొట్లోనూ అమ్మరు.